ఆసుపత్రి ఫైలు ఎవరిది?

మన పల్లెలలో ఒక కుటుంబము పట్టణపు ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చునప్పుడు చేతిలో ఏమి తెచ్చుకొనునో గమనించితిరా? ఒక ప్లాస్టిక్ కవరు. అందులో మందుల చీటీలు, బిల్లులు, రెండు మూడు రక్తపరీక్షల రిపోర్టులు, ఒక ఎక్స్‌రే ఫిల్ము, ఒకటి రెండు పేజీల డిశ్చార్జి సమ్మరీ. రోగి పది దినములు పడక మీద ఉన్నప్పుడు డాక్టరుగారు వ్రాసినది, నర్సులు పూటపూటకు గుర్తించినది, ఆపరేషను గదిలో జరిగినది, ఇచ్చిన మత్తుమందు వివరము, ఇవన్నియు వేరొక దళసరి ఫైలులో ఆసుపత్రిలోనే ఉండిపోవును. దానినే కేస్ షీట్ అందురు.

రోగము నయమై ఇంటికి వచ్చిన తరువాత దానితో మనకేమి పని అని అనేకులు తలంచుదురు. పని పడినప్పుడే దాని విలువ తెలియును. మూడు నెలలకు నొప్పి తిరుగబెట్టి రాయవెల్లూరుకో హైదరాబాదుకో వెళ్లినయెడల అక్కడి డాక్టరు మొదట అడుగునది, "ఇంతకు ముందు ఏం చేశారు?" అనియే. మనవారు "ఏదో కడుపు ఆపరేషనండి" అని చెప్పుదురు. కాగితము లేనందున చేసిన పరీక్షలే మరల చేయించవలెను. ఏ మందు ఒంటికి పడలేదో చెప్పువారుండరు. రోడ్డు ప్రమాదములో కాలు విరిగినవాడు నష్టపరిహారము కొరకు ట్రిబ్యునలుకు వెళ్లినను, భర్త మరణించిన స్త్రీ బీమా సొమ్ముకు దరఖాస్తు పెట్టుకొనినను, ఆ ఫైలు నకలే అడుగుదురు.

అడుగబోతే ఏమి జరుగుచున్నది? మా సంఘములలో ఒకదానిలో భర్తను పోగొట్టుకొనిన ఒక సహోదరి ఇట్లే బీమా పని మీద ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లెను. కౌంటరులోని అబ్బాయి, "రికార్డు కావాలంటే రెండు వేలు కట్టాలమ్మా, అడ్మినిస్ట్రేషన్ చార్జీలు" అనెను. "బిల్లంతా కట్టేశాం గదయ్యా, మా ఆయన కాగితాలకు మళ్లీ డబ్బులేంటి?" అని ఆమె అడిగెను. "అది రూలమ్మా" అని జవాబు. ఆమె తిరిగి వచ్చి మాతో చెప్పెను. రెండవ మారు మేమును వెంట వెళ్లితిమి. ఆ రూలు ఎక్కడ వ్రాసియున్నదో చూపుమని అడిగితిమి. గోడ మీద లేదు, రసీదు పుస్తకములో లేదు. ఫైలులో ఎన్ని పేజీలున్నవని అడిగితిమి. అరువది నాలుగు. బస్టాండు ఎదుట జిరాక్సు షాపులో పేజీకి రెండు రూపాయల చొప్పున నూట ఇరువది యెనిమిది రూపాయలు. మిగిలిన పద్దెనిమిది వందల డెబ్బది రెండు రూపాయలు దేని కొరకని మర్యాదగానే అడిగితిమి. ఆ కుర్రవానిని నిందించి లాభము లేదు. అతడు నెల జీతమునకు కూర్చున్నవాడు, పైవారు చెప్పినదే చెప్పును. ఆమె పేర ఒక అర్జీ వ్రాయించి మేనేజరు గదిలో ఇచ్చి, మా నకలు మీద సంతకము చేయించుకొని వచ్చితిమి. మూడవ దినమున కాగితములు వచ్చినవి, జిరాక్సు ఖర్చు మాత్రమే తీసికొనిరి.

ఆ అర్జీకి అంత బలము ఎక్కడ నుండి వచ్చినది? 2002లో భారత వైద్య మండలి డాక్టర్ల ప్రవర్తనను గూర్చి నియమావళి చేసెను. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును చికిత్స ప్రారంభించిన దినము నుండి 3 సంవత్సరములు భద్రపరచవలెనని అందులో ఉన్నది. రోగి గాని, అతడు అధికారమిచ్చిన మనిషి గాని అడిగినచో 72 గంటలలోగా ఇవ్వవలెనని కూడ ఉన్నది. ఇవ్వకపోవుట వృత్తిలో దుష్ప్రవర్తనగా ఎంచబడును. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ క్రొత్త నియమములు వెలువరించి, అదే నెలలో వాటిని నిలిపివేసి, పాత నియమావళినే మరల అమలులోనికి తెచ్చెను. అంతకు ముందే, 1996లో బొంబాయి హైకోర్టు రోగికి తన రికార్డు ఇయ్యక తప్పదని తీర్పు చెప్పియున్నది.

మరి డబ్బు మాట? జాతీయ మానవ హక్కుల సంఘము తయారు చేసిన రోగుల హక్కుల పత్రములో దీనికి స్పష్టమైన మాట ఉన్నది. నకళ్లకు జిరాక్సు నిమిత్తము తగిన రుసుము తీసికొనవచ్చును, లేదా రోగియే తన ఖర్చుతో జిరాక్సు తీయించుకొనుటకు అనుమతింపవచ్చును. కాగితమునకు, సిరాకు, యంత్రమునకు అయిన ఖర్చు న్యాయమే. "అడ్మినిస్ట్రేషన్" అను పెద్ద పేరు పెట్టి పేజీల లెక్క లేకుండ ఒక మొత్తము అడుగుట ఇందులో ఇమడదు. అది కాగితము వెల కాదు, గేటు దగ్గర సుంకము. కలవాడు విసుగుకొని కట్టి వెళ్లును. కూలి చేసికొను తల్లి కట్టలేక ఊరకుండును. ఆమె రావలసిన బీమా సొమ్ము కూడ ఆ గేటు దగ్గరనే ఆగిపోవును.

వైద్యుల పక్షమున చెప్పవలసినది కూడ కలదు. పెద్ద ఆసుపత్రిలో వేల ఫైళ్లు ఉండును. వాటిని వెదకి తీయుటకు ఒక మనిషి కావలెను. బీమా కంపెనీ ఫారము నింపి సంతకము చేయుట, ప్రత్యేకముగా సర్టిఫికెట్టు వ్రాసి ఇచ్చుట డాక్టరుకు అదనపు పని. దానికి కొంత ఫీజు అడిగినయెడల మేము తప్పు పట్టము. ఉన్న కాగితమునకు నకలు ఇచ్చుట వేరు, లేని కాగితమును క్రొత్తగా వ్రాసి ఇచ్చుట వేరు. కౌంటరు దగ్గర ఈ రెంటిని కలిపి మాట్లాడుదురు గనుక మనమే విడదీసి అడుగవలెను.

ఇంకొక మాట అందురు: "ఫైలు ఆసుపత్రి సొత్తు." ఇది సగము నిజము. మేమును సంఘములో వివాహ రిజిస్టరు ఉంచువారమే. ఆ పుస్తకము సంఘముది, బీరువా సంఘముది, తాళము పాదిరిగారి చేతిలో ఉండును. కాని అందులో వ్రాసిన పెండ్లి ఎవరిది? పాస్‌పోర్టు కొరకు ఎవరైన నకలు అడిగినప్పుడు, పుస్తకము మాది గనుక ఇయ్యము అని ఏ పాదిరియైన అనగలడా? కేస్ షీట్ సంగతియు అంతే. అసలు ఫైలు వారి బీరువాలో ఉండవచ్చును, అందులోని రోగము మాత్రము రోగిదే. (నకళ్లకు ఇష్టము వచ్చినంత కానుక అడుగు సంఘములు మనలోను లేకపోలేదు. ఆ సంగతి మరియొక సంచికలో వ్రాయుదుము.)

మన బిడ్డలు నర్సులుగా వెళ్లి పనిచేయుచున్న ఇంగ్లాండులో కూడ ఒకప్పుడు ఈ రుసుము ఉండెను. 1998 నాటి చట్టము క్రింద కాగితపు రికార్డు నకలుకు 50 పౌండ్ల వరకు తీసికొనుచుండిరి. 2018 మే నెల నుండి సాధారణముగా ఉచితము చేసిరి. దాని వలన అక్కడి ఆసుపత్రులేమియు మూతపడలేదు.

ప్రభుత్వ ఆసుపత్రి అయినచో మరియొక త్రోవ కూడ కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చును. దరఖాస్తు రుసుము 10 రూపాయలకు మించదు, నకలుకు పేజీకి 2 రూపాయలు; దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఈ రుసుము లేదు. 30 దినములలో జవాబు ఇయ్యవలెను. ప్రాణమునకు సంబంధించిన సంగతియైనచో 48 గంటలలోనే.

ఇక అర్జీ ఎట్లు వ్రాయవలెను? పెద్ద భాష అక్కరలేదు. రోగి పేరు, ఊరు, ఆసుపత్రిలో చేరిన తేదీ, డిశ్చార్జి లేక మరణించిన తేదీ, ఐ.పి. నంబరు వ్రాయుడి. ఈ నంబరు బిల్లు మీద ఉండును గనుక బిల్లు పారవేయవద్దు. "కేస్ షీట్ పూర్తి నకలు, ఆపరేషన్ నోట్సు, నర్సుల చార్టు, పరీక్షల రిపోర్టులు 2002 నియమావళి ప్రకారము 72 గంటలలో ఇప్పించవలెను, జిరాక్సు ఖర్చు చెల్లించెదము" అని వ్రాయుడి. "రిపోర్టులు ఇవ్వండి" అని మాత్రమే వ్రాసితిరా, రక్తపరీక్ష కాగితములు రెండు ఇచ్చి పంపుదురు. రోగి రాలేనియెడల అతని సంతకమో వేలిముద్రో వేయించిన అధికార పత్రము వెంట తీసికొని వెళ్లుడి. రెండు ప్రతులు వ్రాసి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకొనుడి. తీసికొనుటకు నిరాకరించినచో స్పీడు పోస్టులో పంపుడి. డబ్బు కట్టక తప్పనియెడల దేని నిమిత్తమో వ్రాసిన రసీదు అడుగుడి. రసీదు అనగానే మొత్తము తగ్గిన సందర్భములు మేము చూచితిమి.

అప్పటికిని ఇయ్యకపోయినచో జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు వ్రాయవచ్చును. డబ్బు చెల్లించి వైద్యము పొందిన రోగి వినియోగదారుడేనని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది గనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడ వెళ్లవచ్చును. ఆసుపత్రికి చెల్లించినది 5 లక్షల రూపాయల లోపు అయినచో అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. ఆలస్యము మాత్రము చేయవద్దు. 3 సంవత్సరములు దాటిన ఫైలు దొరకునన్న భరోసా లేదు.

వ్రాయుట రాని వారికి సంఘములోని యౌవనస్థులు ఈ అర్జీ వ్రాసి పెట్టవలెను. పదవ తరగతి చదివిన పిల్లవానికి పది నిమిషముల పని. నకళ్లు చేతికి వచ్చిన తరువాత తేదీల వరుసలో పెట్టి ఒక ఫైలులో కట్టుడి. ఎక్స్‌రే ఫిల్మును మడవకుండ, వంటింటి పొగ తగులని చోట ఉంచుడి. ఈ.సి.జి. కాగితము మీది గీతలు కొన్ని ఏండ్లకు వెలిసిపోవును గనుక దానిని వెంటనే జిరాక్సు తీయించి, ఆ జిరాక్సును కూడ ఫైలులో చేర్చుడి.