మిద్దె మీద సోలార్, పక్కింటి బిల్లు

ఇంటి మిద్దెపై సౌర ఫలకాలు అమర్చుకున్నవారికి కరెంటు బిల్లు తగ్గితే, ఆ తగ్గినదంతా అమర్చుకోలేనివారి బిల్లులోకి చేరుతుందా అన్న ప్రశ్నపై అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి వాదం నడుస్తోంది. ఆ రాష్ట్రం 1995లోనే చట్టం చేసి నెట్ మీటరింగ్‌ను ప్రవేశపెట్టింది. పగలు ఇంట్లో వాడగా మిగిలిన విద్యుత్తును గ్రిడ్‌కు పంపి, రాత్రి గ్రిడ్ నుంచి తీసుకున్న దానిలో ఆ మేరకు మినహాయించుకొని, తేడాకు మాత్రమే డబ్బు కట్టే పద్ధతి అది.

వినియోగదారు యూనిట్‌కు చెల్లించే ధరలో విద్యుత్ ఖరీదు ఒక భాగమే. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిబ్బంది జీతాలు, అప్పులపై వడ్డీలు, కాలిఫోర్నియాలోనైతే తీగల వల్ల కార్చిచ్చు రేగకుండా చేసే పనుల ఖర్చు కూడా అందులోనే కలిసి ఉంటాయి. అమ్మకాలు తగ్గినా తగ్గని ఇటువంటి ఖర్చులను స్థిర వ్యయాలంటారు. వీటిలో ఎక్కువ భాగాన్ని యూనిట్ ధరలో కలిపి రాబడుతున్నందువల్ల, తక్కువ యూనిట్లు కొన్న ఇల్లు వాటిలో తన వాటాను కూడా తగ్గించుకున్నట్లవుతుంది. ఆ లోటు తర్వాతి ధరల సవరణలో మిగిలినవారి యూనిట్లపైకి చేరుతుంది.

ఇలా చేరిన భారం 2024లో సుమారు 850 కోట్ల డాలర్లని ఆ రాష్ట్రంలో వినియోగదారుల పక్షాన పనిచేసే ప్రభుత్వ విభాగం అంచనా వేయగా, సోలార్ పరిశ్రమ ఆ లెక్క కట్టిన తీరునే తప్పుపట్టింది. ఇంట్లో పుట్టి ఇంట్లోనే ఖర్చయిన యూనిట్ గ్రిడ్ ముఖమే చూడలేదు కాబట్టి దానిని నష్టం కింద రాయడం కుదరదని, ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకొని వాడకం తగ్గించుకున్నవారిని ఎవరూ ఇలా నిలదీయరని ఆ పక్షం వాదన. ఈ అభ్యంతరంలో బలముంది. అయితే గ్రిడ్‌కు పంపిన యూనిట్ల విషయంలో అది నిలవదు. ఎందుకంటే సౌర విద్యుత్తు పుష్కలమై టోకు ధర పడిపోయే మధ్యాహ్నం ఇచ్చిన యూనిట్‌కు, గిరాకీ ఎక్కువగా ఉండే సాయంత్రపు యూనిట్‌తో సమానంగా, తీగల ఖర్చుతో సహా విలువ కట్టడమంటే ఆ తేడాను మరెవరో భరించడమే.

అక్కడి నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో ఈ వాదనవైపే మొగ్గి, 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసుకున్న ఇళ్లు గ్రిడ్‌కు పంపే విద్యుత్తుకు ఇచ్చే విలువను సగటున నాలుగింట మూడు వంతుల మేర తగ్గించింది. అయితే సోలార్ వాటా స్వల్పంగా ఉన్నచోట ఇంత రభస అనవసరం: అమెరికాలోని అత్యధిక విద్యుత్ సంస్థల విషయంలో ధరలపై దాని ప్రభావం లెక్కలోకి రానంత తక్కువని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2017లో తేల్చింది.

తెలుగు రాష్ట్రాలలో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల విధానం ఉండడంతో ఇదే ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఖరారైన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు కాగా, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు. నెలకు 400 యూనిట్లు వాడే ఇల్లు, ఇతర రుసుములు కాక, సుమారు 2,548 రూపాయలు చెల్లించాలి. ఆ ఇంటిపై మూడు కిలోవాట్ల ఫలకాలు నెలకు 360 యూనిట్లు ఇస్తే, మిగిలిన 40 యూనిట్లకు పడేది 87 రూపాయలే. అంటే పంపిణీ సంస్థ, వాడుకలో డిస్కం, యూనిట్‌కు దాదాపు 6.80 రూపాయల రాబడి కోల్పోతుంది. ఎక్కువ వాడేవారు చెల్లించే అధిక ధరతోనే తక్కువ వాడేవారి రాయితీని కొంత సర్దుతారు కాబట్టి (దీనినే క్రాస్ సబ్సిడీ అంటారు), ఫలకాలు కొనగలిగిన స్తోమత గల ఇళ్లే ముందుగా తప్పుకుంటే, ఆ రాయితీ భారం ఇతర వినియోగదారులపైనో ప్రభుత్వ ఖజానాపైనో పడక తప్పదు.

అవే ఫలకాలు నెలకు 75 యూనిట్లు దాటని ఇంటిపైకి వెళితే లెక్క తారుమారవుతుంది. ఆ ఇంటికి అమ్మే ప్రతి యూనిట్ మీదా డిస్కంకు ఖర్చు కంటే తక్కువే వస్తుంది గనుక, అమ్మకం తగ్గిన మేరకు రాయితీ కూడా మిగులుతుంది. చిక్కల్లా ఆ ఇంటివారికి ఫలకాలపై ఆసక్తి పుట్టడంలోనే ఉంది: తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హత గల కుటుంబాలకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లే వస్తున్నప్పుడు, సొంత డబ్బు వేలల్లో పెట్టి మిద్దెపై సోలార్ వేయించుకోవలసిన అగత్యం వారికి కనిపించదు.