మెరిసిన ప్రతి కణమూ సీడీ4 కణమేనా?

రక్తపు చుక్కను గాజు పలకపై పరిచి, మామూలు రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే లింఫోసైట్లు దాదాపు ఒక్కలాగే కనిపిస్తాయి. గుండ్రటి కణం, దాన్నంతా నింపేసిన ముదురు ఊదారంగు కేంద్రకం, చుట్టూ సన్నని అంచు. వాటిలో కొన్ని యాంటీబాడీలను తయారుచేసే బీ కణాలు. కొన్ని వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలు. మరికొన్ని ఈ రెండు రకాలకూ తోడ్పడే సహాయక టీ కణాలు. హెచ్ఐవీ ప్రధానంగా దెబ్బతీసేది ఈ చివరి రకాన్నే. ఎంత అనుభవం ఉన్నవారైనా కంటిచూపుతో వీటిని వేరుచేయలేరు.

తేడా కణం పైపొరలో ఉంటుంది. అక్కడ గ్రాహకాలు అనే ప్రోటీన్లు వేల సంఖ్యలో నాటుకుని ఉంటాయి. సహాయక టీ కణాలపై సీడీ4, చంపే టీ కణాలపై సీడీ8 కనిపిస్తాయి. సీడీ3 మాత్రం టీ కణాలన్నిటిపైనా ఉంటుంది. వీటిని వెతకడానికి ప్రయోగశాలలు వాడేది శరీరం తయారుచేసే ఆయుధాన్నే. ఒక నిర్దిష్ట ఆకారాన్ని గుర్తించి దానికే గట్టిగా అతుక్కోవడం యాంటీబాడీ స్వభావం. దానికి ముందుగానే ఒక మెరిసే రంగును రసాయనికంగా జోడిస్తే, అది అతుక్కున్న చోటు వెలుగుతుంది.

ఈ ఆలోచనను మొదట ఆచరణలో పెట్టినది హార్వర్డ్‌కు చెందిన ఆల్బర్ట్ కూన్స్. 1941లో ఆయన బృందం న్యుమోనియా కలిగించే బ్యాక్టీరియాను గుర్తించే యాంటీబాడీకి రంగు తగిలించింది. తొలి రంగు నీలంగా మెరిసేది. చిక్కేమిటంటే జంతు కణజాలం కూడా అతినీలలోహిత కాంతిలో సహజంగానే నీలంగా మెరుస్తుంది. ఏది బ్యాక్టీరియా వెలుగో, ఏది కణజాలం సొంత వెలుగో తేల్చడం కష్టమైంది. అందుకే మరుసటి ఏడాదికి వారు ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరెసీన్‌కు మారారు. కనిపించిన వెలుగు ఎవరిది అన్న ఆ ప్రశ్న ఎనభై ఏళ్లు దాటినా ఈ పద్ధతిని వదల్లేదు.

తర్వాతి పెద్ద మలుపు 1975లో కేంబ్రిడ్జ్‌లో వచ్చింది. జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఎలుక ప్లీహంలోని బీ కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని అదే పనిగా తయారుచేసే సంకర కణాన్ని సృష్టించారు. వీరిద్దరికీ, నీల్స్ యెర్నెకూ 1984లో నోబెల్ బహుమతి దక్కింది. అంతకుముందు జంతువు రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు రకరకాల మిశ్రమంగా ఉండేవి. ఇప్పుడు ఒక్కటే రకం, కావలసినంత. దాంతో ప్రయోగశాలలు పోటీపడి కొత్త గ్రాహకాలను కనుగొన్నాయి, ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకున్నాయి. ఒకే ప్రోటీన్‌ను ఒకరు టీ4 అన్నారు, మరొకరు లూ-3 అన్నారు. ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి 1982లో ప్యారిస్‌లో శాస్త్రజ్ఞులు సమావేశమై సీడీ అంకెల పద్ధతిని మొదలుపెట్టారు.

ఈ పరికరం విలువ ఏమిటో సరిగ్గా ఆ రోజుల్లోనే తెలిసింది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో వింత అంటురోగాలతో ఆసుపత్రికి వచ్చిన యువకుల రక్తాన్ని ఈ యాంటీబాడీలతో పరీక్షిస్తే సహాయక టీ కణాలు దాదాపు కనుమరుగైనట్టు బయటపడింది. కారణమైన వైరస్ ఇంకా దొరకనే లేదు. 1984లో లండన్, ప్యారిస్ బృందాలు సీడీ4కు అతుక్కునే యాంటీబాడీలను ముందుగా కలిపితే ఆ వైరస్ కణాల్లోకి చొరబడలేకపోతున్నదని చూపాయి. వైరస్ ప్రవేశించే తలుపు సీడీ4 అని అలా తేలింది. గ్రాహకాన్ని చూపడానికి పుట్టిన యాంటీబాడీ ఆ తలుపును మూసి చూపింది కూడా.

నేటి పరీక్షలో రక్తంలో సీడీ3, సీడీ4 యాంటీబాడీలను వేర్వేరు రంగులతో కలుపుతారు. కణాలు ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో ఒకదాని వెనుక ఒకటిగా లేజర్ ముందునుంచి సాగుతాయి. 488 నానోమీటర్ల నీలి కాంతి తగిలితే ఫ్లోరెసీన్ ఆకుపచ్చగా, ఎర్ర నాచు నుంచి తీసిన ఫైకోఎరిత్రిన్ నారింజ రంగులో మెరుస్తాయి. యంత్రం ప్రతి కణం వెలుగునూ విడిగా కొలుస్తుంది. సెకనుకు వేల కణాలను చూడగలదు.

సీడీ4ను లెక్కించడానికి సీడీ3 కూడా ఎందుకు? మోనోసైట్లు అనే మరో రకం తెల్ల రక్తకణాలపై కూడా సీడీ4 కొద్దిగా ఉంటుంది కాబట్టి. సీడీ4 మెరుపు ఒక్కదాన్నే నమ్మితే అవి కూడా లెక్కలో చేరిపోతాయి. టీ కణాలు బాగా తగ్గిపోయిన రోగిలో ఈ పొరపాటు మరింత పెద్దదవుతుంది. మైక్రోలీటరు రక్తంలో 200 కంటే తక్కువ సీడీ4 కణాలు ఉంటే హెచ్ఐవీ ముదిరిన దశగా భావించి క్షయ, క్రిప్టోకాకల్ మెనింజైటిస్ వంటి వాటికోసం ప్రత్యేకంగా వెతుకుతారు. అసలు సంఖ్య 180 అయినవారికి 230 అని నివేదిక వస్తే ఆ వెతుకులాట జరగకపోవచ్చు. సీడీ4 సంఖ్యతో సంబంధం లేకుండా హెచ్ఐవీ ఉన్న అందరికీ చికిత్స ఇచ్చే విధానం భారత్‌లో 2017లో వచ్చింది. మందు మొదలుపెట్టడానికి ఇప్పుడు ఈ సంఖ్య అడ్డు కాదు గానీ, ముదిరిన దశను పసిగట్టడానికి మాత్రం ఇది అవసరమే.

తప్పుడు వెలుగుకు మరో దారి యాంటీబాడీ ఆకారంలోనే ఉంది. అది పంగలకర్రలా ఉంటుంది. రెండు కొమ్మల చివర్లు లక్ష్యాన్ని పట్టుకుంటాయి. కింది కాడను పట్టుకోవడానికి మోనోసైట్లు, సహజ హంతక కణాలపై వేరే గ్రాహకాలు ఉంటాయి. సీడీ4తో నిమిత్తం లేకుండా కాడ అక్కడ తగులుకుంటే ఆ కణమూ వెలుగుతుంది. అందుకే రంగు యాంటీబాడీ కలపడానికి ముందే ఆ చోట్లను వేరే ప్రోటీన్లతో నింపేస్తారు. చచ్చిన కణాలు దేన్నైనా అంటించుకుంటాయి కాబట్టి వాటిని విడిగా గుర్తించే మరో రంగు కలుపుతారు. ఒక్కో రంగును వదిలేసి మిగతావన్నీ కలిపిన నమూనాలనూ పక్కన పెట్టుకుంటారు. ఎక్కడి నుంచి పైకి ఉన్న వెలుగును నిజమనుకోవాలో చెప్పేది ఆ గొట్టాలే. ఈ జాగ్రత్తలు లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాన్ని సాక్ష్యంగా తీసుకోవడం కష్టం.

కొన్నిసార్లు యాంటీబాడీ అతుక్కోవడమే కణాన్ని మార్చేస్తుంది. సీడీ3కి అతుక్కునే ఓకేటీ3 అనే యాంటీబాడీని మూత్రపిండ మార్పిడి రోగుల్లో తిరస్కరణను ఆపడానికి అమెరికా 1986లో అనుమతించింది. మనుషుల చికిత్సకు వచ్చిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ అదే. తొలి మోతాదుల్లో అది టీ కణాలను ఆపే బదులు రెచ్చగొట్టేది. ఆ కణాలు వదిలిన రసాయనాలతో రోగులకు తీవ్రమైన జ్వరం, వణుకు వచ్చేవి. ప్రయోగశాలలోనూ ఇదే ముప్పు. టీ కణాలను సజీవంగా వేరుచేసి తర్వాత వాటి ప్రవర్తన చూడాలనుకునేవారు సీడీ3 యాంటీబాడీతో వాటిని ముందే మేల్కొలిపితే, ఆ తర్వాత చూసేది సహజ ప్రవర్తన కాదు. కాబట్టి అక్కరలేని కణాలకు యాంటీబాడీలు అంటించి వాటినే తీసివేసి, టీ కణాలను తాకకుండా మిగుల్చుకునే పద్ధతి వచ్చింది.

ఒకే పేరుతో అమ్మే రెండు యాంటీబాడీలు ఒకేలా పనిచేస్తాయన్న భరోసా కూడా లేదు. సంకర కణాలు కాలక్రమంలో మారిపోవచ్చు, చచ్చిపోవచ్చు. పరిశోధనల్లో వాడే ప్రతి యాంటీబాడీకీ దాన్ని నిర్దేశించే జన్యు క్రమాన్ని వెల్లడించాలని, ఆ క్రమం నుంచే కొత్తగా తయారుచేసుకోవాలని 2015లో నేచర్ పత్రికలో వందమందికి పైగా శాస్త్రజ్ఞులు కోరారు. ఆ దిశగా ఉత్పత్తులు పెరుగుతున్నాయి. అప్పటివరకు ప్రయోగశాలలు కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ పాత సీసాతో పక్కపక్కన పెట్టి, అదే రక్తంపై రెండింటినీ పరీక్షించుకుంటున్నాయి.