బలహీన వర్గాల గృహ నిర్మాణ సహాయ పథకాలు

సొంత ఇల్లు లేని, లేదా గుడిసెల్లోనూ శిథిలమైన ఇళ్ళలోనూ నివసించే పేద కుటుంబాలకు ఇంటి స్థలం, నిర్మాణ ఖర్చులో సహాయం, వడ్డీ రాయితీ, అద్దె వసతి వంటివి కల్పించే ప్రభుత్వ కార్యక్రమాలను బలహీన వర్గాల గృహ నిర్మాణ సహాయ పథకాలు అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇవి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిధులతో నడుస్తున్నాయి. పథకాల పేర్లు ప్రభుత్వాలతోపాటు మారుతూ వచ్చినా, లబ్ధిదారుని ఎంపిక చేసే పద్ధతి, సొమ్ము విడుదల చేసే విధానం చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఈ తీరు తెలియకపోవడం వల్ల అర్హత ఉన్న కుటుంబాలు కూడా వెనుకబడిపోతూ ఉంటాయి.

నేపథ్యం

భారత రాజ్యాంగంలో నివాసపు హక్కు ప్రత్యేకంగా పేర్కొనబడలేదు. అయితే 21వ అధికరణంలోని జీవించే హక్కులో తలదాచుకొనే నీడ కూడా భాగమేనని చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అంతకు ముందు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, బొంబాయి పేవ్‌మెంట్ల మీద నివసించేవారి తొలగింపును విచారిస్తూ, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమని తీర్పు వచ్చింది. ఇటువంటి తీర్పులు ఉన్నా, ఒక కుటుంబానికి ఇల్లు మంజూరు కావడం అనేది పథకపు నిబంధనలు, నిధులు, లబ్ధిదారుల జాబితాలో స్థానం అనే మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బలహీన వర్గాల ఇళ్ళ నిర్మాణం కోసం 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం పక్కా గృహాల నిర్మాణాన్ని పెద్దయెత్తున చేపట్టింది.

కేంద్ర ప్రభుత్వం 1985లో ఇందిరా ఆవాస్ యోజనను ప్రారంభించింది. మొదట ఇది షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెట్టి చాకిరి నుండి విముక్తులైన కూలీల కోసం ఉద్దేశించబడినది. 1993-94 నుండి ఇతర పేదలకు కూడా వర్తింపజేశారు. 1996 జనవరి 1 నుండి ఇది స్వతంత్ర పథకమైంది.

2006లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ కార్యక్రమాన్ని ప్రారంభించి, మూడు విడతలలో అన్ని గ్రామాలకు విస్తరించాలని తలపెట్టింది. నేటికీ గ్రామాలలో ప్రభుత్వ సహాయంతో కట్టిన ఇంటిని "ఇందిరమ్మ ఇల్లు" అనడం వాడుక.

2014లో రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలు వేర్వేరు మార్గాలను అనుసరించాయి. తెలంగాణలో 2015 నుండి రెండు పడక గదుల ఇళ్ళ పథకం అమలయింది. 560 చదరపు అడుగుల ఇంటిని లబ్ధిదారుని వాటా లేకుండా ప్రభుత్వమే కట్టి ఇవ్వడం దీని ప్రత్యేకత. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకే చోట నిర్మించిన 15,660 ఇళ్ళ సముదాయం 2023 జూన్‌లో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం టిడ్కో సంస్థ 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను నిర్మించింది. 2020 డిసెంబరు 25న ప్రారంభమైన "పేదలందరికీ ఇళ్ళు" కార్యక్రమం కింద గ్రామాలలో ఒకటిన్నర సెంటు, పట్టణాలలో ఒక సెంటు స్థలం మహిళల పేరిట ఇచ్చారు. స్థలాలు ఊరికి దూరంగా ఉన్నాయనీ, కొన్నిచోట్ల పల్లపు నేలలలో ఉన్నాయనీ ఈ కార్యక్రమంపై విమర్శలు వచ్చాయి.

ప్రధాన పథకాలు

ప్రధానమంత్రి ఆవాస్ యోజన - గ్రామీణ: ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. మైదాన ప్రాంతాలలో రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాలు, క్లిష్ట ప్రాంతాలలో రూ.1.30 లక్షలు సహాయంగా నిర్ణయించారు. తెలుగు రాష్ట్రాల వంటి చోట్ల ఇందులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలి. దీనికి అదనంగా ఉపాధి హామీ పథకం నుండి 90 నుండి 95 పనిదినాల కూలి, స్వచ్ఛ భారత్ నుండి మరుగుదొడ్డికి రూ.12,000 జోడించే ఏర్పాటు 2016 నాటి నిబంధనలలో ఉన్నది. 2024లో ఈ పథకాన్ని 2028-29 వరకు పొడిగించి, మరో 2 కోట్ల ఇళ్ళను లక్ష్యంగా పెట్టుకున్నారు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన - పట్టణ 2.0: 2015లో మొదలైన పట్టణ పథకానికి కొనసాగింపుగా 2024 సెప్టెంబరు 1న ప్రారంభమైంది. దీనిలో నాలుగు విభాగాలు ఉన్నాయి: సొంత స్థలంలో ఇల్లు కట్టుకొనేవారికి సహాయం, భాగస్వామ్యంతో నిర్మించే చౌక ఇళ్ళు, అద్దె ఇళ్ళు, గృహ రుణంపై వడ్డీ రాయితీ. వార్షికాదాయం రూ.3 లక్షల లోపు ఉన్నవారు ఆర్థికంగా బలహీన వర్గంగా, రూ.3 లక్షల నుండి 6 లక్షల వరకు ఉన్నవారు అల్పాదాయ వర్గంగా పరిగణింపబడతారు. వడ్డీ రాయితీ గరిష్ఠంగా రూ.1.80 లక్షలు, దీనిని 5 వార్షిక వాయిదాలలో ఇస్తారు.

ఇందిరమ్మ ఇళ్ళు (తెలంగాణ): 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైంది. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇంటి నిర్మాణానికి రూ.5 లక్షలు దశలవారీగా ఇస్తారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు. మొదటి విడతలో ఒక్కొక్క శాసనసభ నియోజకవర్గానికి 3,500 ఇళ్ళు కేటాయించారు.

ఆంధ్రప్రదేశ్ పథకాలు: 2024లో ఏర్పడిన ప్రభుత్వం ఇంటి స్థలాన్ని గ్రామాలలో 3 సెంట్లకు, పట్టణాలలో 2 సెంట్లకు పెంచాలని నిర్ణయించింది. అసంపూర్తిగా నిలిచిన ఇళ్ళ కోసం 2025లో షెడ్యూల్డు కులాలు, వెనుకబడిన తరగతుల వారికి రూ.50,000, షెడ్యూల్డు తెగల వారికి రూ.75,000, ఆదిమ తెగల వారికి రూ.1 లక్ష అదనపు సహాయాన్ని ప్రకటించింది.

పీఎం జన్‌మన్: 2023 నవంబరు 15న ప్రారంభమైన ఈ కార్యక్రమంలో చెంచులు, కొండరెడ్లు వంటి ఆదిమ తెగల కుటుంబాలకు ఇంటికి రూ.2 లక్షల సహాయం నిర్ణయించారు.

అర్హత

దాదాపు అన్ని పథకాలకూ మూల నియమం ఒక్కటే: కుటుంబంలో ఎవరి పేరిటా పక్కా ఇల్లు ఉండరాదు. పట్టణ పథకం 2.0లో ఇది దేశంలో ఎక్కడైనా అని అర్థం. గత 20 సంవత్సరాలలో ప్రభుత్వ గృహ పథకం ద్వారా లబ్ధి పొందినవారు కూడా దీనికి అనర్హులు. ఇక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, అవివాహిత సంతానం. కావున తల్లిదండ్రుల ఇంట్లోనే వేరు కాపురం ఉంటున్న వివాహిత కుమారుడు, తన పేరిట ఇల్లు లేకపోతే, ప్రత్యేక కుటుంబంగా దరఖాస్తు చేయవచ్చును.

గ్రామీణ పథకంలో అనర్హతకు మొదట 13 కారణాలు ఉండేవి. 2024లో వీటిని 10కి తగ్గించారు. ద్విచక్ర వాహనం, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఫోను, చేపల పడవ ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. కుటుంబ సభ్యులలో ఒకరి నెల ఆదాయ పరిమితిని రూ.10,000 నుండి రూ.15,000కు పెంచారు. రెండున్నర ఎకరాలు లేదా అంతకు మించి సాగునీటి వసతి గల భూమి, లేదా 5 ఎకరాలు అంతకు మించి మెట్ట భూమి ఉన్నవారు, ప్రభుత్వోద్యోగి ఉన్న కుటుంబాలు, ఆదాయపు పన్ను చెల్లించేవారు అనర్హులుగానే ఉన్నారు. పాత నిబంధన వల్ల మోటారు సైకిల్ ఉన్నదని ఒకప్పుడు తిరస్కరింపబడిన కుటుంబం కొత్త సర్వేలో తిరిగి ప్రయత్నించవచ్చును.

విచారించవలసిన చోట్లు

ముందుగా తేల్చుకోవలసినది ఇంటి స్థలం గ్రామీణ పరిధిలో ఉన్నదా, పట్టణ పరిధిలో ఉన్నదా అన్న విషయం. పంచాయతీగానే ఉన్నప్పటికీ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో చేరిన గ్రామాలు పట్టణ పథకం కిందికి రావచ్చును. తప్పు కార్యాలయంలో ఇచ్చిన దరఖాస్తు కదలక నిలిచిపోతుంది.

* ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న ప్రారంభమైన సచివాలయ వ్యవస్థలోని ఇంజనీరింగ్, సంక్షేమ సహాయకుల వద్ద లబ్ధిదారుల వివరాలు ఉంటాయి.
* తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి, పురపాలక వార్డు అధికారి, మండల పరిషత్ అభివృద్ధి అధికారి కార్యాలయాలను సంప్రదించాలి. గ్రామ, వార్డు స్థాయిలో ఇందిరమ్మ కమిటీలు కూడా ఏర్పడ్డాయి.
* ఇంటి స్థలం పట్టా కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళవలెను. స్థలం రెవెన్యూ శాఖ విషయం, ఇల్లు గృహ నిర్మాణ శాఖ విషయం. ఈ తేడా తెలియక పలువురు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతూ ఉంటారు.
* వడ్డీ రాయితీకి బ్యాంకు లేదా గృహ రుణ సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి.

సాధారణంగా ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం, స్థలం పట్టా లేదా దస్తావేజు, అవసరమైనచోట కుల, ఆదాయ ధ్రువపత్రాలు అడుగుతారు. పేరు, ఇంటిపేరు అన్ని పత్రాలలో ఒకే విధంగా ఉండటం ముఖ్యం. వివాహం తరువాత ఇంటిపేరు మారిన మహిళల విషయంలో ఈ తేడా వల్ల చెల్లింపులు ఆగుతాయి.

ఎంపిక, చెల్లింపు

గ్రామీణ పథకానికి 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనను ప్రాతిపదికగా తీసుకొని, ఆ జాబితాను గ్రామసభలో పరిశీలించారు. జాబితాలో లేనివారి కోసం 2018లో ఆవాస్ ప్లస్ సర్వే మొదలైంది. గ్రామసభలో పేరు చదివిన రోజున హాజరు కావడం, లేనిచో అక్కడే అభ్యంతరం వ్రాయించడం ఎంతో అవసరం. పేరు తొలగించినా, వరుస మార్చినా జిల్లా స్థాయి అప్పీళ్ల సంఘానికి విన్నవించుకొనే అవకాశం నిబంధనలలో ఉన్నది.

ఇల్లు భార్య పేరిట లేదా దంపతుల ఉమ్మడి పేరిట మంజూరు చేయడం సాధారణ నియమం. సొమ్ము ఒకేసారి రాదు. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అనే దశల వారీగా అధికారులు ఫోటో తీసి నమోదు చేసిన తరువాత నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇందిరమ్మ ఇళ్ళలో మొదటి విడత పునాది పూర్తయిన తరువాతనే వస్తుంది కనుక, ఆ మేరకు కుటుంబమే పెట్టుబడి పెట్టాలి.

ఇబ్బందులు

పథకాల వైఫల్యం ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. చేతిలో సొమ్ము లేని కుటుంబం పునాది కోసం వడ్డీకి అప్పు తెస్తుంది. విడత ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది, ఇల్లు మొండిగోడలతో నిలిచిపోతుంది. పాత గుడిసెను ముందే కూల్చినవారు అద్దె కూడా భరించాలి. స్వయం సహాయక సంఘం నుండి తక్కువ వడ్డీకి రుణం పొందడం, నిర్ణయించిన విస్తీర్ణాన్ని మించి పునాది వేయకుండా ఉండటం ఈ భారాన్ని తగ్గిస్తాయి. ఇల్లు పెద్దదిగా మొదలుపెట్టి మధ్యలో ఆపినవారి కంటే, చిన్నదిగా పూర్తి చేసి తరువాత గది కలుపుకొన్నవారే త్వరగా ఇంట్లో చేరగలుగుతారు.

సొంత స్థలం లేనివారు, పట్టణాలలోని అద్దె ఇళ్ళవారు, వలస కూలీలు అన్నింటికంటే ఎక్కువగా నష్టపోతున్నారు. నిర్మాణ సహాయం స్థలం ఉన్నవారికే అందుతుంది కనుక వీరు మొదట పట్టా కోసం నిరీక్షించాలి. సర్వే సమయంలో ఊరిలో లేని వలస కుటుంబాల పేర్లు జాబితాకు ఎక్కవు.

ఫిర్యాదులు

లబ్ధిదారుగా చేర్చడానికి ప్రభుత్వం ఎటువంటి రుసుమూ వసూలు చేయదు. ఇల్లు ఇప్పిస్తామని సొమ్ము అడిగినవారిపై అవినీతి నిరోధక శాఖకు గాని, పోలీసులకు గాని ఫిర్యాదు చేయవచ్చును. రెండు రాష్ట్రాలలోనూ సోమవారాలలో జిల్లా కలెక్టరు కార్యాలయంలో అర్జీలు స్వీకరిస్తారు. అర్జీ ఇచ్చినపుడు రసీదు తీసుకొనవలెను.

దరఖాస్తు స్థితి తెలియనపుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉపయోగపడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఇతర కార్యాలయాలలో రూ.10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము చెల్లించనక్కరలేదు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. దరఖాస్తు ఏ తేదీన ఎవరికి చేరినది, తిరస్కరిస్తే ఏ నిబంధన కింద, జాబితాలో తమకంటే ముందున్నవారు ఎవరు అనే ప్రశ్నలకు వ్రాతపూర్వక సమాధానం లభిస్తే, అప్పీలుకు అదే ఆధారమవుతుంది.