ఉపేక్ష కూడా ఒక మర్యాదే

సామ దాన భేద దండోపాయాలను ఎరుగని తెలుగువారుండరు. కామందకుని నీతిసారం వీటికి మరి మూడింటిని చేర్చి ఏడు ఉపాయాలుగా పేర్కొన్నది. ఆ మూడింటిలో ‘ఉపేక్ష’ ఒకటి. రాజనీతికై చెప్పిన ఈ ఉపాయం నేడు మన చేతిలోని ఫోనుకు ఎంతో అవసరమైనది.

క్వార్టర్ల సంఘం, షిఫ్టు సిబ్బంది, ఒకే బ్యాచిలో చేరిన మిత్రులు, బంధువర్గం - ఇలా ప్రతి ఉద్యోగి కుటుంబమూ నేడు అనేక వాట్సాప్ గ్రూపులలో సభ్యత్వం కలిగి ఉన్నది. నీటి సరఫరా వేళలపై మొదలైన చర్చ గంట గడిచేసరికి ఏ యూనియన్ ఏమి సాధించిందనే వాగ్వాదంగా మారడం మనమందరం చూస్తున్నదే. ముఖాముఖి సంభాషణలో చిరునవ్వు, కంఠస్వరం మాటలోని పదునును తగ్గిస్తాయి. అక్షరానికి ఆ సౌకర్యం లేదు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సందేశాలలో లిఫ్టు పాదరసంతో కలుషితమైనదని ఒకరు వేసిన ఛలోక్తిని కొందరు నిజమైన హెచ్చరికగా భావించారు. ఆ తికమక పర్యవసానంగానే స్కాట్ ఫాల్మన్ అనే శాస్త్రవేత్త సెప్టెంబరు 19న, పరిహాసాన్ని తెలిపేందుకు విరామ చిహ్నాలతో కూర్చిన నవ్వుముఖాన్ని ప్రతిపాదించారు.

అయితే ప్రతి వివాదాన్నీ నవ్వుముఖం చల్లార్చలేదు. దేనికి బదులివ్వాలో, దేనిని విడిచిపెట్టాలో తెలియాలి. గౌతముని న్యాయసూత్రాలు ఇందుకు చక్కని కొలమానాన్ని అందిస్తున్నాయి. సత్యాన్ని తెలుసుకొనడానికి చేసే చర్చ వాదం. గెలుపే లక్ష్యమైనది జల్పం. తనకంటూ ఒక పక్షం లేక, ఎదుటి పక్షాన్ని ఖండించడమే పనిగా సాగేది వితండ. వాదానికి సమాధానమివ్వడం మన బాధ్యత. జల్పాన్ని పదిమంది నడుమ నుండి తప్పించి ఇద్దరే మాట్లాడుకొనడం మేలు. వితండకు మౌనమే తగిన సమాధానం.

ఆధునికులు చెప్పినదీ దీనికి దూరం కాదు. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు మొదలైన 1995వ సంవత్సరంలోనే, ఆర్.ఎఫ్.సి. 1855 అనే మర్యాదల పత్రం వెలువడింది. ఉద్రేకంతో వ్రాసిన జవాబును రాత్రి గడిచిన పిమ్మటనే పంపాలని, ఒక వ్యక్తితో భేదాభిప్రాయం వస్తే ఆ ఒక్కరికే వ్రాయాలని అది సూచించింది.

ఉపేక్ష ఎంతవరకు ఉండాలన్నది మా వంటి ఇంజనీర్లకు విద్యుత్ లైను నేర్పుతుంది. పిడుగు పడినపుడో, కొమ్మ తగిలినపుడో రిలే లోపమున్న లైనును మాత్రమే వేరు చేస్తుంది. ఊరంతటినీ చీకటి చేయదు. అట్టి లోపాలలో అధికభాగం తాత్కాలికమైనవే కనుక, స్వల్ప విరామం తరువాత బ్రేకర్ తనంతట తాను మరల కలుస్తుంది. లోపం ఇంకా ఉన్నదని తేలితేనే విడిపోయి నిలుస్తుంది. మన మౌనం కూడా ఇట్లే ఉండాలి. ఉపేక్షించవలసినది మాటను, మనిషిని కాదు. రాత్రి గ్రూపులో కయ్యమాడినవారు ఉదయం క్యాంటీనులో ఎదురైతే, “టిఫిన్ అయిందా అండీ?” అని పలకరించడమే మరల కలవడం. ‘మిమ్మల్ని ఇకపై పట్టించుకోను’ అని పదిమందిలో ప్రకటించడం ఉపేక్ష కాదు, మరొక దెబ్బ.

మౌనం తగని సందర్భాలూ ఉన్నాయి. భద్రతకు సంబంధించిన తప్పుడు సమాచారం కనిపిస్తే వెంటనే సరిదిద్దాలి. ఒక జూనియర్‌నో, మహిళా సహోద్యోగినో కించపరచినపుడు పెద్దలు మౌనం వహిస్తే అది అంగీకారమవుతుంది. “ఇది తగదు” అన్న ఒక్క వాక్యం చాలు, రెండవది అక్కరలేదు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. కలహాలతో విసిగిన సభ్యులు షిఫ్టు గ్రూపును మ్యూట్‌లో ఉంచితే, ‘లైను ఇంకా పనిలో ఉన్నది, చార్జి చేయవద్దు’ అన్న సందేశం కూడా చదవబడకుండా మిగిలిపోవచ్చు. పని అనుమతికి, షిఫ్టు అప్పగింతకు నిర్దేశించిన పద్ధతులు వేరుగా ఉన్నప్పటికీ, తోటివారి హెచ్చరిక విలువ తక్కువది కాదు. ఆ హెచ్చరిక అందరికీ వినిపించేంత నిశ్శబ్దాన్ని కాపాడటం మనలో ప్రతి ఒక్కరి కర్తవ్యం.