రంగస్థలపద్యమును డిస్కో తాళమును

రంగస్థలముపైఁ బుట్టిన పాట వేఱొక వాద్యసమూహముతో, వేఱొక తాళముతో మరల వినఁబడుట సంగీతచరిత్రమునందుఁ గ్రొత్త గాదు. క్రీ. శ. 1970 తరువాత అమెరికాలో వ్యాపించిన డిస్కో యను నృత్యసంగీతము ఆ దేశపు సంగీతనాటకముల పాటలను దనలోనికిఁ దీసికొని వానికి నూతనరూపము నొసఁగెను. ఆ మార్పునందు నిలిచిన దేది, పోయిన దేది యని విచారించుట మన పద్యనాటకముల మేలు కోరువారికిఁ గూడ నవసరము. ఏలయన నా ప్రశ్నయే నేఁడు మన పల్లెలందును బుట్టియున్నది.

శ్రీకాకుళ మండలమున సోంపేటకు సమీపముగా, మహేంద్రతనయానది సముద్రమునఁ గలియు తావున బారువ గ్రామమున్నది. పూర్వ మిది యోడరేవు. 1936వ సంవత్సరము వఱకు నీ ప్రదేశము గంజాము మండలమునఁ జేరియుండెను. దీని చుట్టును గొబ్బరి, జీడిమామిడి తోఁటలతో నిండిన నేలకు ఉద్దాన మని పేరు. ఉద్యానశబ్దమునుండి యీ పేరు వచ్చినదని చెప్పుదురు. ఇచటి గ్రామదేవతల సంబరములందు నొకవైపున పందిటిలో హార్మోనియముతో రాయబారఘట్టపు పద్యములు పాడఁబడును. వేఱొకవైపున ఊరేగింపులో డీజే యని పిలువఁబడు శబ్దయంత్రములబండి మ్రోఁగుచుండును. ఆ బండిపై జానపదగీతములు నృత్యతాళముతోఁ గలిసి క్రొత్తరూపమున వినవచ్చుచునే యున్నవి. రంగస్థలపద్యము నట్లే చేసిన నేమగును? ఈ వ్యాసమునకు విషయ మిదియే.

ముందుగా డిస్కో లక్షణము నెఱుఁగవలెను. నాలుగు దెబ్బల యావృత్తమునందుఁ బ్రతి దెబ్బకును పెద్దడోలు సమానబలముతో మ్రోఁగుట దాని ప్రధానలక్షణము. వేగము సామాన్యముగా నిమిషమునకు 110 మొదలు 130 దెబ్బల వఱకు నుండును. ఈ సంగీతము కూర్చుండి వినుటకుఁ గాక యాడుటకై యుద్దేశింపఁబడినది; కావున పాట మూఁడు నిమిషములలో ముగియరాదు. 1976లో సాల్‌సోల్ సంస్థ 12 అంగుళముల పలకపైఁ బాటను దీర్ఘముగాఁ బెంచి విక్రయమునకుఁ దెచ్చినది. పాటలను గత్తిరించి, యతికి, సాఁగదీసి, యాట తెగకుండఁ గూర్చు పద్ధతికి టామ్ మౌల్టన్ ప్రసిద్ధుఁడు.

ఈ మౌల్టనే 1977లో గ్రేస్ జోన్స్ అను గాయనిచేఁ బాడించిన ‘పోర్ట్‌ఫోలియో’ యను సంపుటమున నొక ప్రక్క నంతయు మూఁడు నాటకముల పాటలతో నింపెను. అందుఁ గడు విచారింపఁదగినది ‘సెండ్ ఇన్ ది క్లౌన్స్’ అనునది. స్టీఫెన్ సాండ్‌హైమ్ 1973 నాఁటి ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’ నాటకమునకై దీనిని రచించెను. మూలమున దీని నడక మూఁడు మూఁడుగాఁ దూఁగునది. ఆవృత్తముల పొడవు గూడ నడుమ నడుమ మాఱుచుండును. వయస్సు మీఱుచున్న నటి తన జీవితమును దలఁచుకొనుచు ఆఁగి యాఁగి పలుకు పలుకు లవి. డిస్కోరూపమున నా యాఁగుట లన్నియు నాలుగు దెబ్బల చట్రమున బిగింపఁబడినవి. 1979లో బోరిస్ మిడ్నీ ‘ఎవిటా’ నాటకపు పాటలను ఫెస్టివల్ అను పేరిట నట్లే మార్చెను. అదే సంవత్సరమున వృద్ధరంగస్థలగాయని ఎథెల్ మెర్మన్, తాను పూర్వము నాటకములందుఁ బాడిన పాటలనే డిస్కో వాద్యములతో మరలఁ బాడెను. ఆమె పాడుక మాత్ర మణుమాత్రమును మాఱలేదు. చివరి వరుసలోని ప్రేక్షకునకును ప్రతి యక్షరము వినఁబడునట్లు పలుకు పాతపద్ధతియే యందుఁ గానవచ్చును.

మఱియొక యుదాహరణము. 1983లో జెర్రీ హెర్మన్ సంగీతముతో ‘లా కాజ్ ఓ ఫోల్’ అను నాటకము ప్రదర్శింపఁబడెను. స్త్రీవేషములు ధరించి జీవించు నొక నటుఁడు, తనవారే తన్ను దాఁచిపెట్టఁ జూచినపుడు, ‘ఐ యామ్ వాట్ ఐ యామ్’ అను పాటను బాడి వేదిక విడిచి పోవును. ఆ యేఁటనే గ్లోరియా గేనర్ దీనిని నృత్యగీతముగాఁ బాడెను. అందుఁ గథ పోయినది. నటుని గాయపడిన యభిమానము మాత్రము మిగిలి, విన్నవా రెల్లరకును దమ సొంతమాటయైనది.

ఇఁక మన రంగస్థలమును జూతము. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి చిత్రనళీయము ప్రదర్శింపఁబడిన పిమ్మట నాటకమునఁ బద్యమును బాటయు రెండును రాగముతోఁ బాడఁబడు సంప్రదాయము బలపడెను. కాని యీ రెంటికిని భేదము గలదు. పాట తాళబద్ధము, దానికిఁ దబల తోడు. పద్యమునకు హార్మోనియమే తోడు, తాళము లేదు. నటుఁడు ఛందస్సులోని మాటను బలికి, యర్థము తెలిపి, పిదప నిష్టమైనంతసేపు రాగము సాఁగదీయును. సభవారు ‘వన్స్ మోర్’ అని కేకవేసిన నా పద్యమునే మరలఁ బాడును. నృత్యశాలలో యంత్రముచేఁ బెంచఁబడు పునరుక్తి, మన పందిటిలో సభవారి కేకచేఁ బెంచఁబడుచుండెనని చెప్పవచ్చును.

పాటయొక్క ప్రయాణమునకు శ్రీకృష్ణతులాభారము సాక్ష్యము. ఆ నాటకమున స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున ‘మీరజాలగలడా’ యను పాటకుఁ బ్రసిద్ధి తెచ్చిరి. చందాల కేశవదాసుగారి ‘భలే మంచి చౌక బేరము’ ను అట్లే ప్రఖ్యాతి కెక్కెను. 1966 నాఁటి చలనచిత్రమునఁ బెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతముతో నీ రెండు పాటలును మరల లోకమునకు వినవచ్చెను, మొదటిది పి. సుశీలగారి కంఠమున. పురుషుఁడు స్త్రీవేషమునఁ బాడిన పాట స్త్రీకంఠమునకు మాఱినను, తాళబద్ధమగుటచేఁ జెడలేదు. అయితే నాటకములో నా పాటకు వెనుక నొక యెత్తిపొడుపు గలదు: పతి తన యాజ్ఞ దాఁటఁడని గర్వించిన సత్యయే తుదకుఁ ద్రాసు ముందఱఁ దలవంచును. ఒంటరిగా వినువానికి గర్వమే వినఁబడును గాని యా తలవంపు వినఁబడదు. గేనర్ పాటకుఁ గలిగిన గతియు నిదియే. పాట వేదిక దిగినపు డది మోయలేనిది కథయే యని దీనివలనఁ దెలియుచున్నది.

పద్యము సంగతి వేఱు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలోని పద్యములను బందిరి వెలుపల విన్నను, కథ తెలియని తెలుఁగువాఁ డుండఁడు. కావునఁ గథ పోదు. ఇందుఁ బరీక్షింపవలసినది ఛందస్సే. లఘువున కొక మాత్ర, గురువునకు రెండు మాత్రలుగాఁ గొని, డోలు దెబ్బ యొక్కింటికి నాలుగు మాత్రలుగాఁ బంచి చూతము.

ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములు. పాదమునకు మాత్రలు 28. అనఁగా సరిగా ఏడు దెబ్బలు. యతిస్థానమగు పదవ యక్షరమునకు ముందు 12 మాత్రలుండుటచే, యతి నాలుగవ దెబ్బపైననే పడును. చంపకమాల యనఁగా ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడఁగొట్టినదే. కావున నందును 28 మాత్రలే, యతియు దెబ్బపైననే. ఈ రెండు వృత్తములు తాళమునకుఁ జాల వఱకు లొంగును. కాని మూఁడవ దెబ్బయు, నేడవ దెబ్బయు గురువు నడుమ వచ్చును. గాయకుఁడు డోలునకు లొంగి యక్షరమును దెబ్బపైకిఁ ద్రోసెనేని, అంతకు ముందున్న లఘువు గురువగును, లేదా గురువు విఱుగును. అప్పుడు వినవచ్చునది వచనమే గాని వృత్తము గాదు.

శార్దూలమునకు 30 మాత్రలు. యతిస్థానమగు పదుమూఁడవ యక్షరము 19వ మాత్రపై మొదలగును. అది యైదవ దెబ్బకు నట్టనడుమ. మత్తేభమున నక్షరసంఖ్య మాఱినను మాత్రల లెక్క యిదియే. కావున నీ వృత్తములందు యతికిని దెబ్బకును బొత్తు కుదురదు. చెవి యతిని గుఱుతింపఁజాలదు. పాదాంతమున రెండు మాత్రల విరామ మిచ్చినఁగాని యెనిమిది దెబ్బల యావృత్తము నిండదు.

ఇంతకంటెఁ గష్టమైనది సీసము. పాదమున నాఱు ఇంద్రగణములును రెండు సూర్యగణములును నుండును. ఇంద్రగణము నాలుగు మాత్రలదైన నగును, ఐదు మాత్రలదైన నగును. కావున పాదము 30 మొదలు 36 మాత్రల వఱకు నుండవచ్చును. దాని వెంట వచ్చు తేటగీతి పాదము 17 మొదలు 19 వఱకు. ఒక్క పద్యములోనే పాదము పాదమునకుఁ గొలత మాఱును. మాఱని డోలునకు మాఱు పాదమునకు సంధి కుదుర్చుట యసాధ్యము.

కాలమును గూడ లెక్కింతము. నిమిషమునకు 120 దెబ్బల వేగమున ఉత్పలమాల పాదము మూఁడున్నర సెకండ్లలో ముగియును. ఎనిమిదవ దెబ్బను విరామముగా విడిచినచోఁ బాదమునకు నాలుగు సెకండ్లు, పద్యమంతకుఁ బదునాఱు. దెబ్బకు రెండు మాత్రలే యుంచి నడక తగ్గించినను ముప్పది రెండు సెకండ్లకు మించదు. పందిటిలో నిమిషములు పట్టు పద్యమిది. అయితే వేగమొక్కటియే దోషమని చెప్పరాదు. గ్రామఫోను పలక ప్రక్క యొక్కింటికి మూఁడు నిమిషములే యిచ్చినపుడు మన నటులు రాగమును గుదించుకొనిరి. చలనచిత్రములందు ఘంటసాల వేంకటేశ్వరరావుగా రాలాపనను మఱింత తగ్గించి, మాట స్పష్టమగునట్లు పాడి మెప్పు పొందిరి. రాగము తఱిగినను బద్యము బ్రతికినది; ఏలయన మాటయు, గురులఘువులును జెక్కుచెదరలేదు.

కావున పద్యమునకుఁ బ్రాణము రాగవిస్తారము గాదు, వేగమును గాదు; అక్షరముల తూనికయు యతియును. వీనిని గాచిన యే క్రొత్తరూపమైనను నింద్యము గాదు. వీనిని దెంచినది యెంత జనరంజకమైనను బద్యము గాదు. మెర్మన్ పాటలు డిస్కోలోఁ గూడ నాటకపు పాటలుగానే వినఁబడుటకుఁ గారణము, ఆమె డోలునకుఁ దన యక్షరము నప్పగింపకపోవుటయే.

దీనినిబట్టి క్రొత్తరూపములు గూర్చు యువకులకు మూఁడు సూచనలు చేయవచ్చును. తాళబద్ధములగు రంగస్థలపు పాటలను నిస్సంకోచముగాఁ గొనవచ్చును. పద్యమే కావలెనన్నచో ఉత్పలచంపకములను గ్రహించి, యతిని దెబ్బపై నిలిపి, యెనిమిదవ దెబ్బను మాటలేక విడువవలెను. సీసమును డోలు లేకుండఁ బాడి, అది ముగిసిన పిదపనే తాళము నెత్తుకొనవలెను.

పరిషత్తులవంటి సంస్థలకును గర్తవ్యమొకటి గలదు. బారువ మొదలు టెక్కలి వఱకు గల గ్రామములందుఁ బూర్వపు మెట్టుల నెఱిఁగిన నటులును, హార్మోనియము వాయించువారును వృద్ధులగుచున్నారు. వారి పద్యములను దాళవాద్యము లేకుండ ముద్రించి, రాగనామముతోను, గురులఘుక్రమముతోను, ఎక్కడెక్కడ నాఁగిరో యా గుఱుతులతోను భద్రపఱుపవలయును. మూల మట్లు నిలిచియున్నచో రేపటివాఁడు దాని కేతాళము గట్టినను, సరిచూచుకొనుట కాధార ముండును. మూలము లేక క్రొత్తరూపమే మిగిలిన నాఁడు పోయినదేదో చెప్పుటకుఁ గూడ నెవ్వరు నుండరు.