దూరపు యంత్రమునకు రహస్యాజ్ఞ

తన గదిలో కూర్చుండి, సముద్రముల కావల నున్న కంప్యూటరునకు ఆజ్ఞ నిచ్చి, అది చేసిన పని ఫలితమును క్షణములో తన యెదుటి తెరపై చదువుకొనుట నేడు ఎందరికో నిత్యకృత్యమైనది. దీనికి సాధనము ఎస్సెస్‌హెచ్, అనగా సెక్యూర్ షెల్. షెల్ అనునది మన ఆజ్ఞను అందుకొని యంత్రముచేత పని చేయించెడి ప్రోగ్రాము.

పూర్వము ఈ పనికి టెల్నెట్ మొదలగు సాధనములను వాడెడివారు. వానియందు పాస్‌వర్డు సైతము ఉన్నదున్నట్లుగా తీగవెంట పోయెడిది. పోస్టుకార్డుపై వ్రాసిన రహస్యము వంటి దది. దారిలో పొంచియున్న వాడెవడైనను చదువుకొనవచ్చును. 1995లో ఫిన్లండు దేశమునందలి హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఇట్లు పాస్‌వర్డుల చోరీ జరుగగా, అచటి పరిశోధకుడగు టాటు యులొనెన్ ఈ క్రొత్త సాధనమును నిర్మించెను. 1999లో ఓపెన్ బీఎస్‌డీ బృందము వెలువరించిన ఓపెన్ ఎస్సెస్‌హెచ్ నేడు విస్తారముగా వాడుకలో నున్నది.

ఇందలి కిటుకు ఏమి? సంభాషణకు ముందుగా రెండు యంత్రములును కొన్ని సంఖ్యలను ఇచ్చిపుచ్చుకొని, ఒకే రహస్యపు తాళపుచెవిని వేరువేరుగా లెక్కకట్టుకొనును. ఆ చెవి మాత్రము దారివెంట ప్రయాణము చేయదు. పిమ్మట సాగు ప్రతి మాటయు దానితోనే బిగింపబడును.

అయినను ఒక చిక్కు కలదు. లక్కముద్ర వేసిన జాబును దొంగ చేతికే అందించినచో ముద్రవలన ప్రయోజన మేమి? అందువలననే, మొదటిసారి ఒక సర్వరును పిలిచినప్పుడు ప్రోగ్రాము దాని వ్రేలిముద్రను, అనగా దాని చెవినుండి లెక్కించిన అక్షరమాలికను చూపి, "నమ్మవచ్చునా?" యని అడుగును. పెక్కుమంది చదువకయే "అవును" అందురు. నడుమ మాయసర్వరు నిలిచియున్నచో, అట్టి వారి పాస్‌వర్డు దాని పాలగును. సర్వరు నిర్వాహకుని ఫోనులో అడిగి, అక్షరములు సరిపోల్చుకొనిన పిమ్మటనే ఒప్పుకొనవలెను. ఒప్పుకొనిన గుర్తును ప్రోగ్రాము భద్రపరచుకొనును. మరునాడు గుర్తు మారినచో హెచ్చరించును. సర్వరును క్రొత్తగా అమర్చినను గుర్తు మారవచ్చును గాని, విచారింపక ముందుకు పోరాదు.

ఇక ఆజ్ఞ నిచ్చుట సులభము. సర్వరు పేరు ప్రక్కన "డీఎఫ్" అని వ్రాసినచో, అచటి డిస్కులలో నిండిన దెంతయో, మిగిలిన దెంతయో మన తెరపై కానవచ్చి, సంబంధము దానంతట ముగియును. వెంట ఒక సంఖ్యయు వచ్చును: సున్న యైనచో పని సఫలము, 255 సాధారణముగా సంబంధమే చెడినదని తెలుపును.

చెరిపివేయు ఆజ్ఞ నిచ్చునప్పుడు మరింత మెలకువ వలయును. చెరిగిపోవునవి మన యెదుటి ఫైళ్లు కావు, అక్కడివి. ముందుగా "హోస్ట్‌నేమ్" అను ఆజ్ఞతో ఆ యంత్రము పేరు అడిగి తెలిసికొనుట మేలు. మాటను గుట్టుగా చేరవేయుట సాధనము పని. ఎవరితో మాటాడుచున్నామో తేల్చుకొనుట మన పని.