కింద పడ్డా నాదే పైచేయి
(రింగు కుస్తీ నిజమా, నటనా?)



పోయిన నెల మన డార్మిటరీలో జరిగిన సంగతి మీ అందరికీ తెలుసు. ఒక తమ్ముణ్ణి టీవీలో లెక్క ఎత్తి మంచం మీది నుంచి పడేసింది నేనే. కింద పరుపు వేసినం గదా, ఏమైతది అనుకున్న. వాని కుడి మోచెయ్యి వాచింది. హాలియా దవాఖానకు తీసుకపోతే కట్టు కట్టిన్రు. మూడు వారాలు ఎడమచేత్తో అన్నం తిన్నడు. "అదంత ఉత్త నటన అంటరు గదన్నా, మరి నాకెందుకు నొచ్చింది?" అని వాడు అడిగిండు. నాకు జవాబు రాలేదు. తర్వాత తెలుసుకొని ఈ వ్యాసం రాస్తున్న.

గెలుపు ముందే అనుకున్నది

నిజామాబాద్, కామారెడ్డి వైపు ఊళ్లల్ల హోలీకి, జాతరలకు కుస్తీ పోటీలు పెడతరు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తయి. అక్కడ ఎవరు గెలుస్తరో ముందు ఎవరికీ తెల్వదు. రింగు కుస్తీ అట్ల కాదు. ఎవరు గెలవాలె అన్నది కంపెనీ ముందే నిర్ణయిస్తది. ఇది పోటీ కాదు, వినోదమని 1989లో అమెరికాలోని న్యూజెర్సీ సెనేట్ ముందు అక్కడి పెద్ద కంపెనీయే ఒప్పుకుంది. దాని పేరు ఇప్పుడు డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అదే కంపెనీ 2023 సెప్టెంబర్ 8న మన హైదరాబాద్‌కు వచ్చి గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఆట పెట్టింది. చివరి ఆటలో జాన్ సీనా, సెత్ రోలిన్స్ జంట గెలిచింది.

మరి జనం మోసపోయినట్టేనా? కాదు. చిందు భాగోతంలో కీచకుడు చస్తడని మనకు ముందే తెలుసు. అయినా తెల్లారేదాక కూసొని చూస్తం గదా!

పడుడు మాత్రం నిజం

రింగు అంటే పరుపు కాదు. ఉక్కు చట్రం మీద చెక్కలు, వాటి మీద పలుచటి మెత్త, ఆపైన కాన్వాస్ గుడ్డ. దాని మీద దెబ్బ తగలకుండ పడుడు ఒక విద్య. జపాన్ వాళ్లు దాన్ని 'ఉకెమి' అంటరు. జూడోలో కూడ ఇదే నేర్పుతరు. గడ్డం ఛాతీకి ఆనించాలె, తల నేలకు తగలొద్దు. వీపు పైభాగం వెడల్పుగ ఒక్కసారే ఆనాలె. చేతులు చాపి అరచేతులతో నేలను కొట్టాలె.

ఎందుకు? మన భౌతికశాస్త్రంలో ఉన్నదే. పీడనం = బలం / వైశాల్యం. బరువు ఎక్కువ చోటు మీద పంచుకుంటే దెబ్బ తగ్గుతది. మా తమ్ముని బరువంత ఒక్క మోచెయ్యి మీద పడ్డది. వాని ప్రశ్నకు ఇదే జవాబు. నటన గెలుపోటములలో ఉంటది, నేలకు నటన తెల్వదు.

అక్కడ కూడ హాస్టలే

జపాన్‌లో ఈ ఆటను 1950లలో రికిడోజాన్ అనే మాజీ సుమో వీరుడు ఇంటింటికీ తెలిసేటట్టు చేసిండు. 1972లో ఆంటోనియో ఇనోకి న్యూ జపాన్ అనే కంపెనీ పెట్టిండు. అందులో కొత్తగ చేరినోళ్లు మన లెక్కనే ఒక్కచోట ఉంటరు. ఊడుస్తరు, వండుతరు, వందల గుంజీలు తీస్తరు. పడుడు మళ్లా మళ్లా నేర్చుకున్నంకనే రింగు ఎక్కుతరు. మేము ఒక్క ఆదివారం టీవీ చూసి ఎక్కినం!

అక్కడ చిన్న కంపెనీలు కూడ ఉన్నయి. ముసుగు వేసుకునే గ్రేట్ సాసుకె అనే ఆటగాడు ఈశాన్య జపాన్‌లో మిచినోకు ప్రో అనే కంపెనీ పెట్టి చిన్న చిన్న పట్నాలు తిరిగిండు. 2003లో ఇవాతె ప్రాంత శాసనసభకు గెలిచి, అక్కడ కూడ ముసుగుతోనే కూసున్నడు.

దసరా సెలవుల్ల మా అన్న ఫోన్‌లో జపాన్ చిన్న కంపెనీ ఆట ఒకటి చూసిన. బడి హాలు వంటి గది, మడత కుర్చీలు. ఆటకు ముందు జనం రంగుల కాగితం చుట్టలు రింగులోకి విసిరిన్రు. ఒక పెద్దాయన, ఒక బక్క పిల్లగాడు. పెద్దాయనే గెలిచిండు. కాని నాకు నచ్చింది పిల్లగాడు. పడ్డ ప్రతిసారి గడ్డం ఛాతీకి ఆనిచ్చిండు. పెద్దాయన కూడ ఎత్తినోణ్ణి గాలికి వదలలేదు, నేల దాక పట్టుకున్నడు. నేను వదిలేసిన. తేడా అదే.

అంత నేర్చినోళ్లకు కూడ ప్రమాదం తప్పదు. మిత్సుహారు మిసావా అనే గొప్ప ఆటగాడు 2009 జూన్ 13న హిరోషిమాలో రింగులోనే ఒక ఎత్తుకు పడి లేవలేదు. ఆ రాత్రే చనిపోయిండు. ఆయన వయసు 46.

కాబట్టి మిత్రులారా, చూడండి, చప్పట్లు కొట్టండి. గెలిచినోణ్ణి కాదు, పడ్డోణ్ణి చూడండి. "కింద పడ్డా నాదే పైచేయి" అని మన పెద్దలు ఎగతాళిగ అంటరు. ఈ ఆటలో అది నిజమైన మాట. కాని మంచాల మీద మాత్రం వద్దు. తమ్ముడూ, అందరి ముందు చెప్తున్న, తప్పు నాదే.

— పదవ తరగతి విద్యార్థి